సంచిలో ఉడికిన రొయ్యలు

మాకు తిండి గురించి పాఠాలు చెప్పిన మనిషి ఇంగ్లండులోని కోవెంట్రీలో మా ఆయన ఆఫీసులోనే పనిచేస్తాడు. హైదరాబాద్ అతను. ఒకసారి అమెరికాలోని లూసియానాకి వెళ్ళి రెండు వారాలు ఉండి వచ్చాడు. ఆ రెండు వారాలతోనే అక్కడి కేజన్ వంటకి పెద్ద దిక్కయిపోయాడు. నేను కాకినాడ దగ్గర సముద్రపు ఒడ్డున పెరిగాను. రొయ్య తాజాదో కాదో దూరం నుంచే చెప్పగలను. అయినా అతని దృష్టిలో నాకు చేపల పులుసు తప్ప ఏమీ తెలియదు.

మొదట మమ్మల్ని మాంచెస్టర్‌లో ఒక కేజన్ హోటల్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ మెడలకి ప్లాస్టిక్ గుడ్డలు కట్టారు, చేతులకి గ్లవ్స్ ఇచ్చారు. వారమంతా హాస్పిటల్ ల్యాబ్‌లో గ్లవ్స్‌తో గడిపే నేను శనివారం అన్నం వేళకి కూడా అవే తొడుక్కున్నాను. పెద్ద ప్లాస్టిక్ సంచి తెచ్చి బల్ల మీద కుమ్మరించారు. రొయ్యలు, పీతకాళ్ళు, మొక్కజొన్న కండెలు, బంగాళదుంపలు, వాటన్నిటికీ ఒకటే ఎర్రటి వెన్న. రొయ్యల వీపున నల్లటి పేగు అలాగే ఉంది. తీసి పక్కన పెట్టాను.

"వదినా, గట్ల తియ్యొద్దు. అసలు టేస్ట్ దాంట్లనే ఉంటది," అన్నాడు.

"అది రొయ్య తిన్న బురద, తమ్ముడూ."

"లూసియానాల ఎవ్వరు తియ్యరు వదినా."

దాని మలమే కదా అని మా పన్నెండేళ్ళ అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది. అతను మొబైల్ ఎత్తి సంచికి ఫొటో తీసుకుంటున్నాడు. వినిపించుకోలేదు.

తర్వాత నార్తాంప్టన్ వెళ్ళాం. అక్కడ చికెన్ మీదా చిప్స్ మీదా ఒకే కారప్పొడి చల్లి కేజన్ అన్నారు. అదీ బ్రహ్మాండం అన్నాడు. మా ఆయన తలూపాడు. ఆఫీసులో పక్క కుర్చీ అతనిది మరి.

మూడోది మా కోవెంట్రీలోనే, ఆరు బల్లలున్న చిన్న హోటల్. నడిపేది లూసియానా నుంచి వచ్చి స్థిరపడిన అరవై ఏళ్ళ ఆవిడ. వంటా తనదే. మాకు గిన్నెల్లో గంబో పోసింది. పిండిని నూనెలో నల్లబడేదాకా వేయించి, బెండకాయా రొయ్యలూ వేసి కాచిన పులుసు అది, అన్నంతో తినాలి. మొదటి చెంచాకే రొయ్య తలకాయల రసం నాలుకకి తగిలింది. ఇంగ్లండులో నాకు ఆ రుచి తగలడం అదే మొదటిసారి.

అతను చెంచా పెట్టి, ఆవిడని పిలిచి, బెండకాయ వేస్తే అసలైన కేజన్ కాదని చెప్పాడు. సంచి వంటకం లేదా అని అడిగాడు.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ, "మీరు లూసియానాలో ఎక్కడున్నారు?" అంది.

న్యూ ఆర్లియన్స్‌లో ఒక హోటల్ పేరు చెప్పాడు.

"మా ఊరు అక్కడికి రెండు గంటలు. మా అమ్మ బెండకాయ వేసేది," అని అతని గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

ఇదంతా జరుగుతుంటే నేను తలొంచుకుని తింటున్నాను. అలా తింటూ కూర్చున్నందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు. బిల్లు తెచ్చినప్పుడు మాత్రం, తలకాయలు వేశారు కదా అని అడిగాను.

"వెయ్యకపోతే ఇంకేం వంట?" అంది.

మర్నాడు అతను నెట్‌లో ఆ హోటల్‌కి ఒక్క స్టార్ ఇచ్చి, ఇది అసలు వంటే కాదని రాశాడు. చదివి ఫోన్ చేశాను.

"అది తీసెయ్యి, తమ్ముడూ."

"నా ఒపీనియన్ వదినా అది. నాకు రాసే హక్కు లేదా?"

"ఒపీనియన్ ఉండాలంటే ముందు నాలుక ఉండాలి."

తీయలేదు. ఆ తర్వాత మమ్మల్ని ఎక్కడికీ పిలవలేదు. ఆఫీసులో ముఖం చూపించలేకపోతున్నానని మా ఆయన నెల రోజులు సణిగాడు. నేను పట్టించుకోలేదు. గురువారాలు డ్యూటీ దిగి, మా అమ్మాయిని తీసుకుని ఆ హోటల్‌కే వెళ్తున్నాను. సగం బల్లలు ఖాళీగానే ఉంటాయి. రెండు వీధుల అవతల సంచి రొయ్యల దుకాణం కొత్తగా తెరిచారు. అక్కడ మెడకి గుడ్డ కట్టించుకోవడానికి జనం వానలో వరుస కడుతున్నారు.