పొద్దు గుంకేలోగా చెప్పాల్సిన అసూయ

మా తమ్ముడు సాధించిన మొదటి విజయం మా ప్రార్థనా మందిరం తలుపు. పదకొండేళ్లపాటు అది తెరుచుకోవాలంటే ఇద్దరు మనుషుల భుజాలు కావాల్సి వచ్చేది. ముగ్గురు వడ్రంగులు చూసి తప్పు గోడదన్నారు. గోడ కట్టినవాళ్లు చెక్కదన్నారు. మా తమ్ముడు ఇరవై ఆరేళ్ల వయసులో ఆ తలుపును తొమ్మిదిసార్లు ఊడదీసి, తొమ్మిదిసార్లు చిత్రిక పట్టి, ఒక వానాకాలమూ ఒక ఎండాకాలమూ దాని పక్కనే కాపురముండి, చివరికి ఒక ముసలావిడ చిటికెన వేలితో నెడితే తెరుచుకునేలా చేశాడు. నిచ్చెన పట్టుకున్నది నేనే. ఆ తర్వాత బడికి నూట ఇరవై బల్లలు చేశాడు, ఒక్కటీ ఊగదు. కోర్టుకు నలభై కిటికీలు బిగించాడు, ఎంత గాలివానకైనా ఒక్కటీ కొట్టుకోదు. ఇవన్నీ నేను చెప్పాలి గానీ వాడు చెప్పడు. జనం కూడా వాణ్ని వీటితో గుర్తుపట్టరు. "ఎవరు, ఆ అసూయ వడ్రంగా?" అంటారు. వాడికి ఎవరిమీదైనా అసూయ పుట్టిందంటే పొద్దు గుంకేలోగా వాళ్లింటికి వెళ్లి, ఆ మాట మొహంమీదే చెప్పి రావాలి. చెప్పకపోతే ముద్ద దిగదు.

దానికి ఒక పద్ధతి ఉంది. పని ఆపుతాడు. చేతులు కడుక్కుంటాడు. చొక్కామీద రంపపు పొట్టు దులుపుకుంటాడు. చెవిమీద పెన్సిల్ మాత్రం అలాగే ఉంటుంది. తలుపు తట్టి, పంటిడాక్టరు దగ్గరికి వచ్చినవాడిలా నిలబడతాడు.

"మీమీద అసూయ పడ్డానండీ. ఉదయం పదిన్నర నుంచి."

ఒకసారి రిటైరైన నర్సమ్మ ఇంటికి వెళ్లాడు. ఆవిడ మోకాళ్లు అరిగిపోయి, గోడ పట్టుకుని నడిచే మనిషి. "నామీదా? దేన్ని చూసి బాబూ?" అంది.

"మీ నడక చూసి."

"కుంటినడక నాయనా ఇది."

"కుంటుతూనే మూడంతస్తులెక్కి పై ఇంటావిడకి సూదిమందు వేసి వచ్చారు. నా మోకాళ్లు ఇనుము. అయినా నేనైతే రెండో అంతస్తులో కూర్చుని, ఆవిణ్నే కిందికి దిగి రమ్మనేవాణ్ని. ఉదయం నుంచి కడుపు మండిపోతోందండీ. చెప్పేశాను, ఇక వెళ్లొస్తా."

ఆవిడ ఆ సాయంత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఈ సంగతి చెప్పింది. తర్వాతి వారం కూడా చెప్పింది.

మా పాస్టరుగారికి ఇది బొత్తిగా నచ్చేది కాదు. ఆయన చదువుకున్న మనిషి. నేను పల్లెటూరి బడిలో ఎనిమిదో తరగతి దాకా వెళ్లి, దస్తూరిలో మొదటి బహుమతి తెచ్చుకుని, పద్దెనిమిదేళ్లుగా సంఘపెద్దగా ఉన్నవాణ్ని. మా ఇద్దరి ముందూ వాడు బైబిల్ విప్పేవాడు.

"ప్రేమకు అసూయ ఉండదని పౌలు రాశాడు కదయ్యా," అనేవారు పాస్టరుగారు.

"రాశాడండీ. కానీ పుట్టిన అసూయని ఏం చెయ్యాలో కయీను కథలో ఉంది. తమ్ముణ్ని పొలానికి రమ్మన్నాడే గానీ, 'నీ అర్పణ చూసి నా ఒళ్లు మండిందిరా' అని ఒక్క మాట అన్నాడా? అని ఉంటే ఇద్దరూ కలిసి భోంచేసి పడుకునేవాళ్లు. యోసేపు అన్నలు అంతమంది ఉన్నారు. ఒక్కడైనా 'నీ అంగీ బాగుందిరా, నాకు కడుపుమంటగా ఉంది' అన్నాడా? అందరూ గొయ్యి వెతుక్కున్నారు. సౌలు రాజైతే ఏకంగా ఈటే విసిరాడు. నోరు ఉండగా ఈటె ఎందుకండీ?"

"బాగానే ఉంది గానీ..."

"దేవుడు రోషం గలవాణ్నని తనే చెప్పుకున్నాడు. దాచుకోలేదు."

"అది వేరయ్యా. తనవాళ్లు తనకి దూరమైపోతారేమోనని ఆయనకి రోషం. అది పవిత్రమైనది. ఎదుటివాడిది చూసి ఓర్వలేకపోవడం పాపం. రెండూ ఒకటి కావు."

"అయితే నాది ఏ రకమో మీరే తేల్చండి అయ్యగారూ. తేలేదాకా నేను చెప్పుకుంటూ ఉంటాను," అని వాడు పనికి వెళ్లిపోయేవాడు.

తేల్చాల్సిన రోజు ఈమధ్యే వచ్చింది. మా వీధి చివర ఒక పెద్ద వడ్రంగి ఉన్నాడు. ఆయన్ని అందరూ మెట్లమేస్త్రి అంటారు. చెక్కమెట్లు కట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. మా తమ్ముడు కూడా తర్వాతే. తమ్ముడని దాస్తే ఏం లాభం, నిజం చెబుతున్నాను. ఆయన కుడిచేతి వేళ్లకి తిమ్మిరి పట్టుకుంది. ఉలి జారిపోవడం మొదలైంది. మణికట్టులో నరం నొక్కుకుపోయిందని, చిన్న ఆపరేషన్ చేస్తే సరిపోతుందని, ఆలస్యమైతే మాత్రం వేళ్లు మళ్లీ పట్టు దొరకబుచ్చుకోలేవని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. ఆయన వినలేదు. "ఈ చేతుల కోసం ఎవరెదురు చూస్తున్నార్లే," అని పనిశాలకు తాళం వేసి మంచమెక్కాడు.

ఆ రోజు నుంచి మా తమ్ముడు రోజూ సాయంత్రం ఆయన్ని చూసి అసూయ పడటానికి వెళ్లడం మొదలుపెట్టాడు.

మూడు వారాలకి మేస్త్రి కూతురు నా దగ్గరికి వచ్చింది. "పెద్దగారూ, మీ తమ్ముడికి కాస్త చెప్పండి. మంచంలో ఉన్న మనిషిని చూసి రోజూ కుళ్లుకోవడమేంటి? నిన్న మా నాన్న కట్టిన గ్రంథాలయం మెట్లు చూసి అసూయ అన్నాడు. మొన్న మా అటక మెట్లు. ఇంకా నయం, మా నాన్న దగ్గు చూసి పడలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. సంఘపెద్ద తమ్ముడిమీద సంఘపెద్దకే ఫిర్యాదు. శనివారం మధ్యాహ్నం పాస్టరుగారి గదిలో విచారణ పెట్టాం. పాస్టరుగారు కాగితం, కలం తీసుకున్నారు.

"ఈ ఏడాది నువ్వు ఎవరెవరిమీద అసూయ పడ్డావో చెప్పు."

"నర్సమ్మగారు. పని పోయిన కాపలాదారు. పరీక్ష తప్పిన కుట్టుమిషను ఆవిడ కూతురు. మొగుడు వదిలేసిన పోస్టాఫీసు గుమాస్తా. పాటలో శ్రుతి తప్పుతుందని వెనకవరసలో కూర్చునే తోటమాలి. మెట్లమేస్త్రి..."

ఆరో పేరు దగ్గర పాస్టరుగారి కలం ఆగింది. నాకు నాలుగో పేరుకే అర్థమైంది. ఎనిమిదో తరగతి ఊరికే చదవలేదు. ఆ జాబితాలో ఎవరైనా చూసి అసూయ పడే మనిషి ఒక్కరూ లేరు.

"అంటే ఇన్నాళ్లూ అబద్ధం చెబుతున్నావా?" అన్నారు పాస్టరుగారు నెమ్మదిగా.

"అయ్యో, అబద్ధమెందుకండీ. వాళ్ల దగ్గర ఏదో ఒకటి నాకు లేనిది ఉంటుంది. దొరికేదాకా చూస్తాను. దొరికితే నిజంగానే మండుతుంది. వాళ్లది నాకొద్దండీ. అది వాళ్ల దగ్గరుందని వాళ్లకి తెలిస్తే చాలు."

నేను ఉండబట్టలేక అడిగాను. "మరి నామీద ఒక్కసారైనా పడలేదేంరా?"

"నీకెందుకు అన్నయ్యా? నీ గురించి నువ్వే చెప్పుకుంటావుగా."

పాస్టరుగారు ఎందుకో కిటికీ వైపు తిరిగి చాలాసేపు దగ్గారు.

విచారణ అక్కడితో ముగిసింది గానీ మేస్త్రి చేతి సంగతి ముగియలేదు. పెద్దాసుపత్రి వాళ్లిచ్చిన గడువు ఆ నెలాఖరు. తర్వాతి మంగళవారం తమ్ముడు సంచీతో బయల్దేరాడు. ఈసారి నేనూ వెంట వెళ్లాను. మేస్త్రి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"ఇవాళ దేన్ని చూసి?" అన్నాడు తిరగకుండానే.

"అదే, గ్రంథాలయం మెట్లు. పద్నాలుగో మెట్టు దగ్గర మలుపులో అతుకు ఎలా వేశారో తెలియడం లేదు. మూడు ఆదివారాలు కింద వెల్లకిలా పడుకుని చూశాను. ఏడుసార్లు చేశాను. ఏడూ తప్పాయి." సంచీలోంచి ఏడో అతుకు తీసి మంచంమీద పెట్టాడు. మిగతా ఆరూ నేను వాడి పనిశాలలో చూశాను. నాటకం కాదు, నిజంగానే రాలేదు.

మేస్త్రి ఇటు తిరిగాడు. చెక్కను వెలుతురుకేసి పెట్టాడు. "ఎవడ్రా దీన్ని కోసింది? చెక్క నార ఎటుందో చూసుకోవద్దూ?"

"చూసే కోశానండీ."

"చూసి కోసిందా ఇది? ఉలి తే."

కూతురు తెచ్చి ఇచ్చింది. ఆయన పట్టుకోబోయాడు. వేళ్లు ముడుచుకోలేదు. ఉలి దుప్పటిమీద పడింది. ఆ అమ్మాయి మొహం తిప్పుకుంది.

"మీరు చెప్పండి, నేను కోస్తాను," అన్నాడు తమ్ముడు.

"చెబితే వచ్చేది కాదురా వెధవా. చేత్తో చూపించాలి." మేస్త్రి ఆ పిచ్చి అతుకును ఎడంచేత్తో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత కూతుర్ని విసుక్కున్నాడు. "ఆ డాక్టరు ఎప్పుడు రమ్మన్నాడే? వీడు ఇంకో ఏడు చెక్కలు పాడు చేసేదాకా చూస్తూ కూర్చోనా?"

గురువారం బస్సుకి ఇద్దరూ బయల్దేరారు. కూతురికి పనిలో సెలవు దొరకలేదు, తోడుగా మా తమ్ముడే వెళ్లాడు. ఆపరేషన్ బాగా జరిగింది. నిన్న ఫోన్ చేశాడు.

"వేళ్లు కదులుతున్నాయి అన్నయ్యా. నన్ను చెవి పట్టి లాగాడు, పట్టు బాగానే ఉంది."

"నువ్వెలా ఉన్నావు?"

"వార్డులో పదకొండు మంచాలు. తొమ్మిదిమందికి చెప్పేశాను. ఇంకా ఇద్దరున్నారు."

అసూయ తప్పా, ఒప్పా అని పాస్టరుగారు రాసిపెట్టుకున్న ప్రసంగం రెండు ఆదివారాలుగా బల్లమీదే ఉంది. వాడు వచ్చి ముందువరసలో కూర్చుంటేనే చెబుతానంటున్నారు. నన్నడిగితే ఆయనకే ఇంకా తేలలేదు. కట్లు విప్పాక, వచ్చే నెల పదకొండో తారీకు, బుధవారం, మధ్యాహ్నం బస్సుకి వస్తున్నారు.