సూర్యుడా, మోటారా?

పంకజాక్షి తిరుపతిలో ఒక కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేది. సూర్యుడిమీద పెద్ద మంటలు ఎగసినప్పుడు అక్కణ్ణించి రేడియో తరంగాలు కూడా వస్తాయి. వాటిని పట్టాలని 1981లో చంద్రగిరి దగ్గర మునస్వామి అనే రైతు చేలో వెదురు గడలు నాటించి తీగలు కట్టింది. పాక కింద బ్యాటరీతో నడిచే రిసీవరు. తరంగం తగిలితే ముల్లు కదిలి కాగితంమీద గీత లేస్తుంది.

గీతలకేం, రోజూ లేచేవి. బావి మోటారు వేస్తే లేచేది, జీపు పోతే లేచేది, ఎవరైనా వెల్డింగు పెడితే కొండంత లేచేది. ఏది సూర్యుడిదో తేల్చుకోలేక ఆమె తల పట్టుకునేది. చివరికి పూతలపట్టులో చిన్నాయన వేంకటాచలపతి మిద్దెమీద అలాంటిదే ఇంకొకటి పెట్టించింది. ఇక్కడి మోటారు గోల అంత దూరం పోదు. రెండుచోట్లా ఒకే నిమిషంలో, ఒకే తీరుగా గీత లేస్తేనే అది ఆకాశానిది.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం చంద్రగిరి ముల్లు కాగితం అంచుకు కొట్టుకుంది. అంత గీత ఆమె ఎన్నడూ చూడలేదు.

“మునస్వామన్నా, మోటారు వేసినావా?” అంటూ పరుగెత్తింది.

“యాడమ్మా! పొద్దున్నించి కరెంటే లేదు. నేనీడ చేని గెనిమ గట్టుమీదే కూసోనుండాను.”

దొరికిన బస్సెక్కి పూతలపట్టు పోయింది.

“ముల్లు కదల్లేదమ్మా,” అన్నాడు చిన్నాయన. “బ్యాటరీ నిన్ననే సచ్చిపోయినట్టుండాది.”

పంకజాక్షి మిద్దె మెట్లమీద కూలబడింది. ఇక్కడి ముల్లు కాదన్నా బాగుండేది, ఆ కాగితం చించి పారేసేది. అవునూ అనలేదు, కాదూ అనలేదు. దూరాన దుర్భిణితో సూర్యుణ్ణి చూసే ఒక పరిశోధనశాలకు రాసి అడిగితే, ఆ పూట తమకు మబ్బులని జవాబొచ్చింది.

శాఖాధిపతి దేవనాథన్ మాత్రం సంబరపడ్డాడు. “పేపరువాళ్లకు చెప్పేద్దాం. కరెంటు కూడా లేదంటివి కదా!”

“జీపులకు కరెంటెందుకు సార్? ఇది సూర్యుడిదేనని నేనెట్ల చెప్పేది?”

“నీతో ఎప్పుడూ ఇంతే!” అని ఆయన నెలరోజులు ముఖం చూడలేదు.

కొత్త బ్యాటరీ వేయించి ఆమె రెండేళ్లు కాచుకుంది. సూర్యుడు చూస్తే మంటలు తగ్గి ఏడాదికేడాది నెమ్మదిస్తున్నాడు. చివరికి ఒకనాడు రెండు ముళ్లూ ఒకేసారి కదిలాయి, గోరంత. ఆమె దాన్నే రాసి సదస్సుకు పంపింది.

“ఇంత చిన్నదానికా?” అన్నాడు దేవనాథన్.

ఆ పెద్ద గీత సంగతి ఎవరడిగినా “తెలియదు” అనేది పంకజాక్షి. అన్న ప్రతిసారీ ఒళ్లు మండేది.