బోల్టు పక్కన చుక్క

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద నాది టీ బంకు. పక్క షెడ్డు ఖాసిమన్నది. కార్లకు సీటు కవర్లు కుడతాడు. ఇరవై ఏళ్ళుగా పక్కపక్కనే బతుకుతున్నాం కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకుంది. కాదనేవాళ్ళెవరైనా ఉంటే వచ్చి నాతో మాట్లాడమనండి.

ఖాసిమన్నకు ఒక్కడే కొడుకు, సల్మాన్. తండ్రి దగ్గర కుట్టు పని నేర్చాడు, ఐటీఐ చదివాడు, చెన్నై దగ్గర ఒక విదేశీ కార్ల కంపెనీలో చేరాడు. పర్మినెంటు ఉద్యోగం. ఆ రోజు ఖాసిమన్న వీధంతా లడ్డూలు పంచాడు. సల్మాన్ పని కార్లలో సీట్లు బిగించడం. బోల్టు బిగించాక దాని మీద పసుపు రంగు గీత పెట్టాలి, అది కంపెనీ రూలు. వీడు గీత పక్కన ఒక చుక్క కూడా పెట్టేవాడు, బండి మదనపల్లెకు వస్తే నాన్న చూస్తాడని.

ఇక అప్పట్నుంచి ఆ కంపెనీ కొత్త కారు ఏది కవర్లకొచ్చినా, ఖాసిమన్న ముందు సెల్‌ఫోన్ లైటు వేసుకొని సీటు కిందికి దూరేవాడు. చుక్క కనబడిందంటే నన్ను పిలవకుండా వదలడు.

"మునీశ్వరమ్మా, ఇట్ల రా. మావోడి సుక్క సూడు."

"బండికి బొట్టు పెట్టి సాగనంపినాడా మీవోడు? మరి సారె యాడన్నా?" అనేదాన్ని. ఆయన నవ్వి రెండు టీలు చెప్పేవాడు.

కరోనా తర్వాత కార్లు కొనేవాళ్ళు తగ్గిపోయారు. ఆ కంపెనీ నష్టాల్లో కూరుకుపోయిందనీ, చెన్నై ఫ్యాక్టరీ మూసేస్తుందనీ నా బంకు దగ్గర పేపరు చదివేవాళ్ళు చెప్పుకునేవారు. నాకు గుబులు పట్టుకుంది. ఆ మాట అంటే ఖాసిమన్న నా మీదే లేచాడు.

"కంపెనీ మూసేస్తే బండ్లు యాన్నించి వస్తాండాయమ్మా? మొన్నటి బండికి సుక్క ఉండాదా లేదా? రంజాన్‌కు మావోడు కంపెనీ సొక్కాతోనే వచ్చినాడు కదా."

నిజమే. షోరూమువాళ్ళు ధర తగ్గించి అమ్ముతున్నారు, బండ్లు వస్తూనే ఉన్నాయి.

ఆ ఎండాకాలంలోనే పుంగనూరు నుంచి పాపన్న వచ్చాడు. ఆయనా ఖాసిమన్నా చిన్నప్పుడు ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చినవాళ్ళు. పాపన్నకు బస్సు సీట్లు కుట్టే షాపుంది. పిల్లల్లేరు, కంటిచూపు తగ్గుతోంది.

"ఖాసిమూ, మీ సల్మాన్‌ను నా షాపుకు పంపించప్పా. వాడే సూసుకుంటాడు. నా తరవాత అది వాడిదే," అన్నాడు.

ఖాసిమన్నకు రోషమొచ్చింది. "పర్మినెంటు ఉద్యోగం ఇడిసిపెట్టి వాడు బస్సు సీట్లు కుట్టల్లా?" అంటూ పాపన్న చెయ్యి పట్టుకొని షెడ్డులో ఉన్న కారు దగ్గరికి లాక్కెళ్ళాడు. లైటు వేసి చుక్క చూపించాడు. "ఇది సూసినాక అడుగు."

పాపన్న వంగి దాన్ని చాలాసేపు చూశాడు. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

"వాణ్ణి ఒక మాట అడిగి సూడప్పా," అన్నాడు చివరికి.

"అడిగేదేముండాది?" అన్నాడు ఖాసిమన్న. మొండితనంలో ఆయన తర్వాతే ఎవరైనా. పాపన్న నేనిచ్చిన టీ సగంలో వదిలేసి బస్సెక్కాడు.

వానలు మొదలయ్యాక షోరూము మనిషి ఒక బండి తెచ్చాడు. సీటు కింద చుక్క ఉంది. కానీ బోల్టంతా తుప్పు పట్టింది. సీటు మెత్తలో ఎలుకలు గూడు కట్టాయి. కొత్త కారుకు ఈ తుప్పేమిటని ఖాసిమన్న అడిగితే ఆ మనిషి తేలిగ్గా చెప్పేశాడు.

"ఇదే లాస్టు బండి భాయ్. ఏడాదిగా యార్డులో పడుండాది. ఇన్నాళ్ళూ మేము అమ్మిందంతా పాత స్టాకే కదా. ఫ్యాక్టరీ పోయిన దసరాకే మూసేసినారు."

ఖాసిమన్న అక్కడే కూలబడి సల్మాన్‌కు ఫోను చేశాడు. మిషను చప్పుడుకు ఆయన చెవి మందగించింది, ఎప్పుడూ స్పీకర్‌లోనే మాట్లాడతాడు.

"యాడ ఉండావురా?"

అవతల రాళ్ళు కోసే రొద.

"కుప్పంలో అబ్బా. గ్రానైట్ పాలిషింగ్‌లో, దినకూలికి."

"నాకు యాల సెప్పలేదు?"

"నువ్వు సుక్క సూసుకొని సంతోషపడతాంటే ఎట్ల సెప్పేది? దానికే పాపన్న మామను బతిమాలి నీ దగ్గరికి పంపిస్తి. ఉద్యోగం పోయిన సంగతి సెప్పొద్దని ఒట్టు వేయించుకుంటి."

ఖాసిమన్న వెంటనే పాపన్నకు చేశాడు. షాపును బి.కొత్తకోట మనిషికి అప్పగించి అప్పటికే రెండు నెలలైందట. నమ్మి వచ్చినవాణ్ణి ఇప్పుడు పొమ్మనలేనని పాపన్న ఏడ్చినంత పని చేశాడు.

బండి సాయంత్రానికి కావాలని చెప్పి షోరూము మనిషి వెళ్ళిపోయాడు. ఖాసిమన్న ఎలుకల గూడు పీకి పారేసి, భుజం మీది టవలుతో బోల్టు తుడవడం మొదలుపెట్టాడు. తుప్పు పెళ్ళలు పెళ్ళలుగా ఊడుతోంది.

"ఆపన్నా, సుక్క కూడా పోతాది," అన్నాను.

ఆయన ఆపలేదు.

"పిల్లోడు పని కోసం మనిషిని పంపిస్తే, ఆ పిల్లోడి సుక్కే సూపించి తరిమేసినానమ్మా."