చుక్కికి మందు పెట్టిందెవరు?

చిన్నప్పుడు మా రాచర్ల ఇంట్లో ఒకసారి చుక్కి అన్నం మానేసింది... చుక్కి అంటే మా పిల్లి. ఒళ్ళంతా తెలుపు, నుదుటి మీద మాత్రం ఒక నల్ల చుక్క.

పాలన్నం పెడితే మూతి తిప్పుకునేది. ఎండుచేప వేసినా లేచి రాదు. జొన్నల కుండ వెనక దూరి, గోడవైపు తిరిగి పండుకునేది. నాక్కోవడం కూడా మానేసి బొచ్చంతా అట్టలు కట్టింది...

అమ్మకు ఒకటే అనుమానం. "ఆ మస్తానమ్మే ఏదో మందు పెట్టింది."

మస్తానమ్మ అత్తది పక్కిల్లు. కోళ్ళు సాకేది. అంతకు ముందే చుక్కి ఆమె కోడిపిల్లను ఒకదాన్ని నోట కరుచుకొచ్చింది మరి... పైగా మా ఇంట్లో కదలని పిల్లి, మధ్యాహ్నమయ్యేసరికి మెల్లగా గోడ దూకి వాళ్ళింట్లోకే పోతోంది. ఇంక అమ్మకు వేరే రుజువు కావాల్నా?

నన్ను కాపలా పెట్టింది. నేను గోడ చాటున నిలబడి చూసేదాన్ని. అత్త చేట పట్టుకున్నా అనుమానమే, గిన్నె కడిగినా అనుమానమే...

ఒకరోజు అమ్మ ఉండబట్టలేక గోడ మీదుగా అడిగేసింది.

"ఏం వదినా, మా పిల్లికి ఏం మందు పెట్టినావు?"

"మందు కొనే ఖర్చు నాకెందుకమ్మా... నువ్వు చేసిన కూర కొంచెం పెడితే చాలదా!"

అంతే, ఇద్దరికీ మాటలు బందు.

చుక్కి రోజురోజుకూ చిక్కిపోతోంది. ఇట్లే ఉంటే చచ్చిపోతుందని నాకు భయం. నాయన దాన్ని గంపలో పెట్టి, పైన గుడ్డ కట్టి, నన్నూ వెంటబెట్టుకుని ఆటోలో గిద్దలూరు పశువుల ఆస్పత్రికి పోయినాడు. అక్కడ అందరూ గొర్రెలు, బర్రెలు తోలుకొచ్చినోళ్ళే... మా గంప చూసి నవ్వినారు.

డాక్టరు నోరు తెరిచి చూసి, పొట్ట నొక్కి, జ్వరం చూసినాడు.

"మందు తిన్నట్టు లేదు. రోగమూ కనపడలా. మీ ఇంట్లో ఎవరన్నా దూరమైనారా?"

"మా పెద్దపాపకు పెండ్లి చేసి బేస్తవారిపేటకు పంపినాం సార్..."

"ఇది ఎవరి దగ్గర పండుకునేది?"

"అక్క దగ్గరే" అన్నాను, వినపడీ వినపడనట్టు.

"అయితే బెంగ పెట్టుకునింది. ఆ పాప విడిచిన గుడ్డ ఏదన్నా పక్కన వేయండి. బలవంతంగా నోట్లో కుక్కొద్దు. దగ్గర కూర్చోండి, దారంతో ఆడించండి, ముద్ద వెచ్చగా పెట్టండి. రేపు కూడా తినకపోతే మళ్ళా తీసుకురండి."

ఇంటికొచ్చి చెబితే అమ్మ నమ్మలేదు. "గొర్రెల డాక్టరుకు పిల్లి మనసేం తెలుస్తాదంట!"

అయినా గుడ్డ కోసం ఇల్లంతా వెతికింది. ఏముంది... పెండ్లయిన కొన్నాళ్ళకే అమ్మే అక్క పాత లంగాలు, ఓణీలు అన్నీ పాతబట్టలామెకు వేసి స్టీలు బేసిను తీసుకునింది. అక్క పోయినాక చుక్కి పండుకునేది ఆ మూట మీదే. ఒక్క పేలిక మిగల్లేదు.

అప్పుడు నాకు తట్టింది... చుక్కి పోయి కూర్చునేది అత్త పెట్టే గిన్నె దగ్గర కాదు, ఉయ్యాల కింద. అత్త మనవడికి ఉయ్యాల కట్టింది అక్క ఇచ్చిపోయిన పచ్చ ఓణీతో!

ఆ మాట చెబితే అమ్మ ఒకసారి గోడవైపు చూసింది. తర్వాత "నువ్వే పోయి అడుగు" అని నన్ను తోసింది.

నాకు ఎవరితో మాట్లాడాలన్నా సిగ్గు. పోయి గడప దగ్గర నిలబడినాను.

"ఏందమ్మే, ఈరోజు గోడ చాటు నుంచి వాకిట్లోకి వచ్చినావు?" అంది అత్త. సచ్చినంత పనైంది...

ఎట్లనో అడిగినాను. అత్త మనవడిని చంకనేసుకుని ఉయ్యాల విప్పింది. "పిల్లోడి ఉచ్చ వాసన కూడా వస్తాది, మీ పిల్లికి పర్వాలేదా? మందు గిందు పూసినానేమో, మీయమ్మను చూసుకోమను."

అమ్మ నిజంగానే ఆ ఓణీని వాసన చూసింది... చూసి, అట్లే మొహానికి అదుముకుని చాలాసేపు కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం చుక్కి ఓణీలో ముడుచుకుని పండుకునింది. తెల్లారి నా వేలికి అంటిన వెచ్చటి పాలన్నం నాకింది... తర్వాత ఇంకొంచెం. అమ్మ తన మెత్తటి చీర తీసుకుపోయి, తన చేత్తోనే అత్త మనవడికి ఉయ్యాల కట్టి వచ్చింది.

ఇప్పుడు మార్కాపురంలో మేముండే వీధిలో గోడల మీద గాజు పెంకులు, గేటు గేటుకీ కెమెరాలు. ఎవరి పిల్లి ఎవరింట్లోకి పోయిందో ఫోన్లోనే కనపడుతుంది... ఎందుకు పోయిందో అడగడానికి గడప దగ్గర నిలబడేవాళ్ళే లేరు.

మీ ఇండ్లలో ఇట్ల బెంగ పెట్టుకున్న పిల్లి ఉండేదా? ముందు ఎవరిని అనుమానించినారు... నిజం చెప్పండి.