మూడు గంటల వంతు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. శుద్ధ అబద్ధం. నాకు ఓపిక తక్కువ, అంతే. ఆ రెంటికీ తేడా తెలియని నలుగురితో నేను ఒక పగలంతా పడవలో కూర్చున్నాను.

మొదలుపెట్టింది మా అమ్మాయి. పదో తరగతి పరీక్షలు అయిపోయినాక ఫోన్‌లో ఒక వీడియో చూసింది. ఎవరో ఒక కుటుంబం తెల్లటి పడవ మాట్లాడుకొని, నీలం నీళ్ల మీద ఈ దీవి నుంచి ఆ దీవికి తిరుగుతా, టెంకాయలో గొట్టం పెట్టుకొని తాగుతా ఉన్నారు. ‘మనం ఎప్పుడూ తిరపతి తప్ప యాడికీ పోలేదు’ అని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నాకు ఒళ్లు మండింది. దీవులు మనకు లేవా ఏంది? పులికాట్ సరస్సులో ఊళ్లకు ఊళ్లే ఉన్నాయి గదా దీవుల మీద! మా ఆయన ఆఫీసులో ఎవరినో అడిగి వాకాడు దాటినాక ఉండే ఒక పడవాయన ఫోన్ నంబరు తెచ్చినాడు. నేనే మాట్లాడినాను. సోమవారం సెలవొచ్చింది. పొద్దున ఏడుకు బయలుదేరి పన్నెండుకల్లా మూడు దీవులు చూపించి తెచ్చేస్తానన్నాడు.

మా అమ్మానాయనల్ని పిలవకుండా ఉండాల్సింది. పిలిచినాను. మా నాయన అల్లూరు కాడ వరి రైతు. డెబ్బై దాటినా ఇంతవరకు పడవ ఎక్కలేదు. ‘అదిప్పుడు మన జిల్లానేనా?’ అని ఒక పూటంతా ఆలోచించి, ఊర్లో టీ అంగడి కాడికి పోయి, ‘మూడు దీవులు చూసొస్తా’ అని అందరికీ చెప్పేసి వచ్చినాడు. ఇంక మూడు అంటే మూడే. రెండున్నర కూడా కుదరదు.

ఒడ్డుకు చేరేసరికి ఏడు. పడవాయనకు నలభై ఏళ్లుంటాయి, సన్నటి మనిషి. ఫోన్‌లో మాట్లాడింది నేనే గాబట్టి నన్ను పక్కకు పిలిచినాడు.

“అక్కా, ఒక మాట. మూడు గంటలకు నేను వల కాడ ఉండాల. ఈ రోజు నా వంతు.”

“ఏం వంతు?”

సరస్సులో రొయ్య బాగా పడే తావులు కొన్నే ఉన్నాయట. అందరూ ఒకేసారి వల కడితే ఎవరికీ ఏమీ మిగలదని, ఊర్లో చీటీలు తీసి ఒక్కొక్కరికి ఒక్కో రోజు ఇస్తారట. ఆ రోజు మూడు గంటలకు ఊరి పెద్ద ఒడ్డున నిలబడి పేరు పిలుస్తాడు. మనిషి వలతో ఎదురుగా ఉండాల. లేకపోతే వంతు తర్వాతి వాడికి పోతుంది, మళ్లీ ఇరవై రోజులకు గానీ రాదు.

“అట్టయితే ఈ రోజెందుకు ఒప్పుకున్నావన్నా?”

“చీటీలు మొన్న తీసినారక్కా. మీకు అంతకు ముందే మాటిచ్చేసినా గదా.”

సరేలే అన్నాను. నిజం చెప్తున్నా, నేను ఒక్క ముక్క నమ్మలేదు. ఆటో వాళ్లు, కల్యాణ మండపం వాళ్లు, ఫోటోలు తీసేవాళ్లు, అందరూ మనల్ని తొందరగా పంపించేయడానికి ఇట్టాంటి మాటే చెప్తారు. నన్ను మోసం చేయడం ఎవరి తరమూ కాదని నాకు గట్టి నమ్మకం. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మా నాయన వింటే అక్కడే గొడవ పెట్టుకుంటాడని నాకు నేను సర్ది చెప్పుకున్నాను.

తీరా పడవ ఎక్కుదామంటే మా అమ్మ కారు దిగలేదు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం.

“ఇంకా ఏడుంబావే గదమ్మా, ఎక్కేద్దాం రా.”

“ఎక్కేసరికి ఏడున్నర అవుతుంది. నీళ్ల మీదికి పోతా పోతా రాహుకాలంలో కాలు పెడతామా? నీకు చదువొచ్చింది గానీ బుద్ధి రాలేదే.”

తొమ్మిది దాకా కార్లో ఏసీ వేసుకొని కూర్చున్నాము. పడవాయన ఎండలో నిలబడి మమ్మల్ని అద్దంలోంచి చూసినాడు.

తొమ్మిదికి సామాను ఎక్కించడం మొదలుపెట్టినాము. మా అమ్మ అన్నం వండే పెద్ద ఎసట గిన్నెడు చేపల పులుసు తెచ్చింది. చేపలు పట్టుకొని బతికే ఊరికి మేము నెల్లూరు మార్కెట్‌లో చేపలు కొని, వండి, కారులో మోసుకొచ్చినాము. “ఆడ దొరకతాయో లేదో” అన్నది. పడవాయన ఆ గిన్నెను చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అతనికి నవ్వొచ్చింది, నాకు సిగ్గొచ్చింది. పైగా మా ఆయన ఆన్‌లైన్‌లో తెప్పించిన అయిదు లైఫ్ జాకెట్లు, నారింజ రంగువి. నా పట్టుచీర మీద అది తగిలించి బెల్టు బిగించేసరికి నాకు ఊపిరి ఆడలేదు. పట్టుచీర ఎందుకు కట్టినావని మీరు అడగొద్దు. ఫోటోల కోసం.

పడవ కొంచెం దూరం పోయినాక చూస్తే, మా పక్కనే నీళ్లలో ఒకాయన నడుచుకుంటా వస్తా ఉన్నాడు. భుజాన గంప. నీళ్లు మోకాళ్లకు కూడా రాలేదు. మా పడవతో సమానంగా కొంత దూరం నడిచి, మా జాకెట్లు చూసి, “యా ఊరు మీది?” అని అడిగినాడు. మా నాయన వంగి చెయ్యి నీళ్లలో ముంచి అడుగు తాకినాడు. “వరి చేలో ఇంతకన్నా ఎక్కువ నీళ్లు పెడతాం గదరా దేవుడా!” అన్నాడు. మా ఆయన మాత్రం జాకెట్టు తియ్యనియ్యలేదు.

మొదటి దీవిలో సిమెంటు రోడ్డు, బడి, కిరాణా అంగడి ఉన్నాయి. అంగడిలో మా వీధి చివర దొరికే చిప్సే వేలాడతా ఉన్నాయి. మేము వరసగా దిగి నిలబడినాము. ఒక ముసలామె వచ్చి ఎవరింటికి వచ్చినారని అడిగింది. దీవి చూడ్డానికి వచ్చినామంటే ఆమెకు అర్థం కాలేదు. “ఏం చూస్తారు?” అన్నది. ఆమె జాలిపడి మజ్జిగ ఇచ్చింది. మా అమ్మ కూర్చొని ఆమె కోడలి గురించి, మోకాళ్ల నొప్పుల గురించి అన్నీ కనుక్కుంది. అక్కడే పదకొండు కావచ్చింది.

రెండో దీవి కాడికి పోయేసరికి పదకొండుంబావు. అది మట్టి దిబ్బ, నాలుగు తుమ్మ చెట్లు, కొన్ని మేకలు. పడవ ఒడ్డుకు పది అడుగుల దూరంలో ఆగింది. మా అమ్మ చెయ్యెత్తింది.

“ఆగండి. యమగండం.”

సోమవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా యమగండం. కొత్త చోట కాలు పెట్టకూడదు. దీవి మీద కాలు పెట్టడం కొత్త పని కిందికి వస్తుందా రాదా అని మా అమ్మకూ నాయనకూ వాదన పడింది. మా ఆయన ఫోన్‌లో వెతికినాడు, దీవుల సంగతి ఎవరూ రాయలేదట. చివరికి పన్నెండు దాకా పడవలోనే కూర్చున్నాము, జాకెట్లతో, నెత్తిన ఎండతో, పది అడుగుల దూరంలో ఉన్న చెట్టు నీడను చూసుకుంటా. మేకలన్నీ వచ్చి ఒడ్డున వరసగా నిలబడి మమ్మల్ని చూసినాయి. మా అమ్మాయి అదంతా వీడియో తీసింది. వారం తర్వాత చూస్తే అందులో ఎక్కువసేపు మేకలే ఉన్నాయి.

పన్నెండు కొట్టినాక దిగి, పులుసన్నం తిన్నాము. పడవాయన రెండు ముద్దలు తిని లేచినాడు. నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడు.

“అక్కా, ఇంక తిప్పేద్దామా?”

“ఇంకొకటే గదన్నా. మా నాయన ఊర్లో చెప్పుకున్నాడు.”

అతను తల ఊపినాడు. నేను ఆ పూట ఆ మనిషి ముఖం సరిగా చూసుంటే తెలిసేది. చూడలేదు. అతని ఎత్తు పారనియ్యలేదన్న గెలుపే నాకు గొప్పగా ఉంది.

మూడో దీవి కనిపిస్తానే ఉంది, తాటిచెట్లు కూడా లెక్కపెట్టొచ్చు. ఒకటీ నలభైకి పడవ గర్రుమని ఆగిపోయింది. గాలి మారి నీళ్లు అటు పక్కకు పోయినాయట, అడుగు బురదకు పట్టేసింది. అతను దిగి తోసినాడు. కదల్లేదు. అయిదుగురు మనుషులు, మంచినీళ్ల క్యాన్లు, ఎసట గిన్నె. ‘కొంచెం దిగితే...’ అన్నాడు. మా అమ్మ ససేమిరా అన్నది. మా నాయన, “దీవి వైపుకే తోయి నాయనా, వెనక్కి కాదు” అని సలహా ఇచ్చినాడు.

అప్పుడు అతని ఫోన్ మోగింది. చేతులనిండా బురద. మా అమ్మాయిని ఆ ఫోన్ ఎత్తి స్పీకర్ పెట్టమన్నాడు.

“ఏమయ్యా, యాడున్నావు?” ఆడమనిషి గొంతు, అతని భార్య. “వంతు రోజు షికార్లా నీకు? వల సర్ది ఒడ్డున పెట్టి కూర్చోనుండా. మూడుకు పెద్దాయన పిలుస్తాడు. పోగొట్టుకున్నావంటే ఇంక ఇరవై రోజులు ఏం తింటాం?”

నిజమే చెప్పినాడు! పొద్దున చెప్పిన ప్రతి ముక్కా నిజమే.

“ఏం వంతు?” అన్నాడు మా నాయన. అతను నాలుగు ముక్కల్లో చెప్పినాడు. మా నాయన ముఖం మారిపోయింది. కాలవ మీద మా చేనికి కూడా నీళ్ల వంతు ఉంటుంది. ఒక ఏడు మా నాయన పెళ్లికని పోయి వంతు తప్పినాడు, ఆ చేను కంకి రాకముందే, పొట్ట మీదే ఎండిపోయింది. ఆ పెళ్లివాళ్లతో ఇప్పటికీ మాట్లాడడు.

“దిగండే అందరూ!” అని అరిచి, ముందు తనే దూకినాడు. “దీవీ లేదు గీవీ లేదు. తిప్పండి!”

అట్ట మేము దిగినాము. నేను పట్టుచీర దోపుకొని, మా ఆయన ప్యాంటు మడిచి, మా అమ్మ పులుసు గిన్నె నెత్తిన పెట్టుకొని. యమగండాలు, వర్జ్యాలు అన్నీ మర్చిపోయి ‘తొయ్యండి, తొయ్యండి’ అని ఆమే గట్టిగా అరిచింది. సరస్సు నడిమధ్యలో, పిక్కల దాకా నీళ్లలో, నారింజ జాకెట్లు వేసుకున్న ఒక కుటుంబం పడవను నడిపించుకుంటా పోయింది. అటుగా పోతున్న ఇంకో పడవ వాళ్లు ఇంజను ఆపి మరీ చూసినారు. మా నాయన చెప్పులు రెండూ బురదలో పోయినాయి, వెనక్కి కూడా తిరగలేదు. ఆ రోజు మొత్తంలో మా అమ్మాయి నవ్వింది అప్పుడే. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

లోతు దొరికి ఇంజను వేసేసరికి రెండున్నర దాటింది. ఒడ్డుకు వచ్చేసరికి మూడూ ఇరవై.

ఊరి పెద్దాయన చెట్టు కింద కూర్చోనున్నాడు. అప్పటికే వేరే ఆయన వల పడవలో వేసుకొని బయలుదేరతా ఉన్నాడు. మా నాయన తడి పంచెతోనే పోయి నిలబడినాడు.

“తప్పు మాది. ఈయనది కాదు. కాలవ మీద మాకూ నీళ్ల వంతులున్నాయి, నాకు తెలుసు. ఇరవై నిమిషాలే గదా, వదిలేయండి సామీ.”

“మూడు సార్లు పిలిచినాను పెద్దాయనా,” అన్నాడు ఆయన, మర్యాదగానే. “మీ కాలవ మీదయితే మీరు ఒప్పుకుంటారా?”

మా నాయనా? ఒప్పుకోడు. ఇరవై నిమిషాలు కాదు, రెండు నిమిషాలకు కూడా ఒప్పుకోడు. అది మా అందరికీ తెలుసు.

అప్పుడు మా నాయన ఆ పడవాయన వైపు తిరిగి రెండు చేతులూ జోడించినాడు. మా అమ్మకు గానీ, మాకు గానీ, పుట్టిన కాడి నుంచి ఒక్కసారి కూడా తప్పయిందని చెప్పని మనిషి. “పొద్దున్నే నాకు ఒక్క మాట చెప్పుండాల్సింది నాయనా,” అన్నాడు.

అతను నా వైపు చూసినాడు. ఒక్కసారే. “పనిలో పడి మర్చిపోయినా పెద్దాయనా,” అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. వంగి చీర అంచు పిండుకుంటా ఉన్నాను. కోపమొస్తే ఊరంతా వినపడే నోరు నాది.

కారు ఎక్కినాము. పావుగంట దూరం వచ్చినాము. తర్వాత మా నాయన మొదలుపెట్టినాడు. “మంచోడే పాపం. కానీ బతకడం తెలియదు. వంతు రోజు ఎవడన్నా మర్చిపోతాడా? అంత మతిమరుపు ఉంటే సంసారం ఎట్ట ఈదుతాడు?” మా అమ్మ అవునన్నది. మా ఆయన కూడా అవునన్నాడు. ఇంక నా వల్ల కాలేదు.

“మర్చిపోలేదు నాయనా. పొద్దున్నే నాకు చెప్పినాడు. నేనే నమ్మలేదు. మీకెవరికీ చెప్పలేదు.”

మా నాయన తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. “కారు తిప్పు,” అన్నాడు మా ఆయనతో.

ఒడ్డుకు వచ్చినాక, “నువ్వు దిగు. మేము ఈడే ఉంటాం,” అన్నాడు.

అతని ఇల్లు అడుక్కుంటా పోయినాను. అతని భార్య వాకిట్లో కూర్చొని బియ్యం ఏరతా ఉంది. వల అట్టనే మడిచినది మడిచినట్టు గోడకానించి ఉంది. అన్న లేడా అని అడిగితే, చెయ్యి సరస్సు వైపు చూపించింది.

“మా వంతు తీసుకున్నాయన వలకు కూలికి పోయినాడు. ఊరికే కూర్చొని ఏం చేస్తాడు?”

నిలబడే చెప్పినాను. పొద్దున ఏడు గంటలకు అతను ఏం చెప్పినాడో, నేను ఏమనుకున్నానో, పన్నెండుకు మళ్లీ అడిగితే నేను ఏమన్నానో, అన్నీ. ఆమె ఏరడం ఆపి విన్నది.

“మర్చిపోయినానని నాక్కూడా అదే చెప్పినాడు,” అన్నది. “వచ్చిన కాడి నుంచి తిడతానే ఉండా. ఇంత అన్నం కూడా పెట్టలేదు. అట్టనే పోయినాడు.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని, లోపలికి పోయి పీట తెచ్చి నా ముందర వేసింది.

“ఆయన వచ్చినాక, తప్పు నీదని ఆయన ముందర కూడా నువ్వే చెప్పాల. కూర్చో.”

కూర్చున్నాను.