చీరల అడుగున చదరంగం కాగితం

“నువ్వే ఊడ్చి పారేసినవమ్మా! బల్ల మీదనే పెట్టిన నేను.”

“నేనెందుకు పారేస్త బిడ్డా? కాగితం కనబడితే తీసి పక్కకు పెడ్త గద.”

“పెడ్తే ఏడ బోయింది? దానికేమన్న రెక్కలొచ్చినయా?”

ఆ రోజు నా మనవరాలూ కోడలూ ఇలా అరుచుకుంటుంటే నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను. ఆ కాగితం నా ట్రంకుపెట్టెలో, చీరల అడుగున ఉంది. ఏడేళ్లయింది, ఇంకా అక్కడే ఉంది. పెట్టె తెరిచినప్పుడల్లా చెయ్యి దాని దాకా వెళ్లి ఆగుతుంది. ఎవరితోనూ అనలేదు. నీతో అంటున్నాను.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ కాగితం నిండా ఇంగ్లీషు అక్షరం, పక్కన అంకె. మళ్లీ అక్షరం, మళ్లీ అంకె. తొమ్మిదో వరుసకు ఎర్ర పెన్నుతో చుట్టు గీసి ఉంది. అడుగున రెండు సంతకాలు. ఒకటి మా పిల్లది. రెండోది ఎవరిది? పదహారేళ్ల పిల్ల తలుపు దగ్గరకేసుకుని దీన్నే ఎందుకు చూస్తోంది? ఎవరితోనో చాటుగా రాసుకునే గుర్తులనుకున్నాను. తీసి దాచాను. చింపడానికి మాత్రం చెయ్యి రాలేదు, వెనకవైపంతా రాసుకోవడానికి పనికొచ్చే ఖాళీ.

ఆ సాయంత్రం పిల్ల చదరంగం బల్ల ముందేసుకుని, ఏడుపు దిగమింగుకుంటూ పావులు జరుపుతోంది.

“ఏందే గది?” అన్నాను.

“పోయిన నెల ఓడిపోయిన ఆట, అవ్వా. ఎత్తు ఎత్తుకు రాసుకుంటం, అయిపోయినంక ఇద్దరం సంతకం పెడ్తం. రేపు శామీర్‌పేటల మళ్ల ఆ పిల్లతోనే ఆట. తొమ్మిదో ఎత్తు కాడ తప్పు జేసిన్నని చుట్టు గీసిన. గీసింది యాదుంది, ఏం ఆడిన్నో యాదికొస్తలేదు.”

నాలుగడుగులు వేస్తే పెట్టె. లేవలేదు. పిల్ల కోప్పడుతుందనా? కాదు. ఇన్నేళ్లుగా కోడలి ప్రతి పనిలోనూ తప్పు వెతికినదాన్ని, తప్పు నాదని ఆమె ముందు నిలబడి అనలేకపోయాను. ఇంతకంటే మర్యాదైన కారణం ఉందేమోనని చాలాసార్లు వెతుక్కున్నాను. లేదు. తల్లీకూతుళ్లు తర్వాత కలిసిపోయారు. కానీ ఈనాటికీ కోడలు చిన్న కాగితం ముక్కను కూడా పిల్లకు చూపించి గాని బుట్టలో వేయదు.

ఆ గొడవ మరునాడు పొద్దున పిల్ల, తల్లి కట్టిన టిఫిన్ డబ్బా బల్ల మీదే వదిలేసి, తండ్రి బండెక్కి శామీర్‌పేటకు పోయింది. కోడలు చెత్తబుట్ట వాకిట్లో బోర్లించి, ఒక్కో కాగితం విప్పి చూసింది.

“నేనే ఊడ్చిన్నేమో అత్తమ్మా,” అంది.

“జర సూసుకొని ఊడ్వాలె,” అన్నాను.