మా మరిది కొట్టేసిన వాక్యం

మా చెల్లెలు స్కూలు యూనిఫాంలు కుట్టే షాపులో కాజాలు కుడుతుంది. పెళ్ళయి ఏడేళ్ళు. పిల్లల కోసం ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. ఆఖరికి గుడ్లు బయటికి తీసి, గాజు గిన్నెలో వీర్యంతో కలిపే వైద్యానికి దిగారు. పన్నెండు రోజులు రోజూ సూదులే. పొట్ట మీద కమలని చోటు వెతుక్కుని, తనే పొడుచుకుని, వెళ్ళి పనిలో కూర్చునేది. సెలవు పెట్టవే అంటే, "కూర్చుని చేసే పనేగా అక్కా" అనేది. నాకు ఒళ్ళు మండేది.

మొదట్లోనే ఇద్దరూ ఒక ఫారం మీద సంతకాలు చేశారు. గిన్నెలో వాటంతటవి కలవకపోతే, ఒక్కో గుడ్డులోకి ఒక్కో వీర్యకణాన్ని సన్నని సూదితో ఎక్కించడానికి సమ్మతమేనని అందులో ఒక వాక్యం. మా మరిది బస్సు డ్రైవరు, పౌరుషానికి లోటు లేని మనిషి. తన రిపోర్టులన్నీ బాగున్నాయని, అంత గతి తనకింకా పట్టలేదని ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. వాదించే ఓపిక చెల్లెలికి అప్పటికే అయిపోయింది.

గుడ్లు తీసిన మర్నాడు పొద్దున ల్యాబ్ నుంచి ఫోను వచ్చింది. పదకొండు గుడ్లలో ఒక్కటీ కలవలేదు. ఇప్పుడైనా సూదితో ఎక్కించి చూడొచ్చు గానీ ఆశ తక్కువ, గంట గడిచేకొద్దీ ఇంకా తగ్గుతుంది, ఇద్దరి సంతకాలూ కావాలి అన్నారు. మరిదేమో డ్యూటీలో ఉన్నాడు. డ్యూటీ దిగేదాకా డ్రైవర్ల ఫోన్లు డిపో బీరువాలోనే ఉంటాయి.

ఆసుపత్రిలో కొత్త ఫారం తీసుకుని, అతని రూటులో ఒక స్టాపు దగ్గర నిలబడ్డాం. చెల్లెలు కడుపు పట్టుకుని స్తంభానికి ఆనుకుంది. మూడు బస్సులు పోయాయి. నాలుగోది అతనిది. ఇద్దరం ముందు తలుపు నుంచి ఎక్కాం.

"పదకొండూ అలాగే ఉండిపోయాయట" అంది చెల్లెలు.

అతను హ్యాండ్ బ్రేకు లాగాడు. వెనక ప్రయాణికులు సణుగుతున్నారు.

"అంటే లోపం నాదా?"

"అది రేపు తేల్చుకుందాం. ముందు సంతకం పెట్టు" అంది.

స్టీరింగు మీద కాగితం ఆనించి పెట్టాడు. సగంలో తప్పు పోయి, కొట్టేసి మళ్ళీ పెట్టాడు. ఏడేళ్ళలో నేను అతన్ని చూసి జాలిపడింది అదే మొదలు.

తొమ్మిది గుడ్లు సూదికి పనికొచ్చాయి. రెండు కలిశాయి. మూడో రోజుకి ఆ రెండూ ఎదగడం మానేశాయి. మొదటిరోజే సూదితో ఎక్కించి ఉంటే ఇంకాస్త మెరుగ్గా ఉండేదేమో అంది డాక్టరమ్మ. ఆ మాట విన్నప్పటి నుంచి మరిది ముద్ద మింగలేదు. వారం తిరక్కుండానే చెల్లెలి ముందు కూర్చుని, ఈసారి మొదటి నుంచీ సూదితోనే చేయిద్దాం, తప్పు తనదేనని బతిమాలాడు.

చెల్లెలికి కోపం రాలేదు. అదే నన్ను భయపెట్టింది.

"పన్నెండు రోజులూ పొడుచుకోవాల్సింది నేను. నాకు ఓపిక వచ్చిన రోజున నేనే చెప్తా. అప్పటిదాకా అడక్కు" అంది.

అతను అడగలేదు. నోటి దురుసుదాన్నని పేరున్న నేనూ అడగలేదు. ఐదు నెలలైంది. చెల్లెలు రోజూ పనికి వెళ్ళొచ్చి, అన్నం తిని, గోడ వైపు తిరిగి పడుకుంటుంది.